కాళ్ళమీద పదమూడు వందల మంది

అచ్చాయమ్మకి డెబ్భై మూడేళ్ళు. ఈ డెబ్భై మూడేళ్ళలో ఆవిడ ఒంటికి సబ్బన్నది తగల్లేదు, ఆవిడ తగలనివ్వలేదు. పసిపిల్లలకి నీళ్ళు పోసే చేతులకి సబ్బేమిటమ్మా, ఆ వాసనకి పిల్ల దడుచుకోదూ, అనేది. పెసలు, శనగలు, కచ్చూరాలు, నాలుగు పసుపు కొమ్ములు కలిపి మర పట్టించిన సున్నిపిండి డబ్బా ఒకటి ఆవిడ పెరట్లో నీళ్ళపొయ్యి పక్కన ఎప్పుడూ ఉండేది. మండపేటలో వాళ్ళ పేటకంతటికీ ఆ డబ్బా తెలుసు. ఎవరింట్లో పురుడొచ్చినా అచ్చాయమ్మకి కబురు వెళ్ళాల్సిందే. ఆవిడ వచ్చి, పీట వాల్చుకుని, చీర మోకాళ్ళ దాకా పైకి దోపుకుని, కాళ్ళు బారచాపి, "ఏదీ, మా మారాజునిలా ఇవ్వండి" అనేది. ఇక మూడో నెల దాటేదాకా ఆ బిడ్డకి రోజూ ఆ కాళ్ళమీదే నూనె, నలుగు, వేణ్ణీళ్ళు. ఆ తర్వాత సాంబ్రాణి పొగ, హాయిగా నిద్ర.

అదంతా మొద్దు జ్వరం రాకముందు మాట. అది వచ్చి రెండేళ్ళయింది.

మొద్దు జ్వరం గాల్లో రాదు, నీళ్ళలో రాదు. మనిషి చర్మం మనిషి చర్మానికి తగిలితే వస్తుంది. పెద్దవాళ్ళకైతే నాలుగు రోజులు కాసి వదిలేస్తుంది గానీ, పోతూ పోతూ వేళ్ళలోని స్పర్శని పట్టుకుపోతుంది. ఆ తర్వాత వేడన్నం కలిపినా, ఐసు ముక్క పట్టుకున్నా ఆ వేళ్ళకి ఒకటే. పసిపిల్లలకి వస్తే మాత్రం బతకరు. అందుకని సర్కారు గట్టి చట్టమే పెట్టింది. టీకా పడని మనిషి పసిబిడ్డని ముట్టుకోకూడదు. జ్వరం ఒకసారి వచ్చి పోయినవాళ్ళు ముట్టుకోవచ్చు, వాళ్ళనుంచి ఇక ఎవరికీ అంటదు.

అచ్చాయమ్మకి జ్వరం రాలేదు. టీకా పడలేదు. రెండేళ్ళుగా ఆవిడ కాళ్ళమీద బిడ్డ పడుకోలేదు.

పక్కింటి నాగజ్యోతికి ఆడపిల్ల పుట్టి పన్నెండు రోజులు. నాగజ్యోతికీ ఇరవయ్యేడేళ్ళ కిందట నీళ్ళు పోసింది అచ్చాయమ్మే. ఇప్పుడు నాగజ్యోతికి తల్లి లేదు. మొగుడు లారీ తోలుకుంటూ పోయి, సరిహద్దులు మూసేయడంతో రాయపూర్‌లో ఇరుక్కున్నాడు. నిరుడు నాగజ్యోతికి మొద్దు జ్వరం కూడా వచ్చిపోయింది. బిడ్డని ముట్టుకోవడానికి చట్ట ప్రకారం అర్హత ఉన్నది ఆ ఇంట్లో ఆ మొద్దుబారిన చేతులకే.

ఆ వేళ పొద్దున్న గోడకవతల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఏమ్మే జ్యోతీ, అది ఆకలి ఏడుపు కాదు, ఒళ్ళునొప్పుల ఏడుపు. నీళ్ళు పోసేవా?"

"లేదు మామ్మా. తడిగుడ్డతో తుడిచేను."

"పన్నెండ్రోజుల్నించీ తుడుత్తానే ఉన్నావా!"

"ఏం చెయ్యను? నూనె రాత్తే జారిపోద్దేమోనని భయం. గట్టిగా పట్టుకున్నానో వదులుగా పట్టుకున్నానో నాకే తెలట్లేదు." నాగజ్యోతి గోడ దగ్గరికొచ్చింది. "నువ్వు రాకూడదా మామ్మా?"

అచ్చాయమ్మకి ప్రాణం కొట్టుకుపోయింది. రాకూడదు. గోడ నడుమెత్తే, అయినా రాకూడదు.

"ఆ టీకా ఏదో పేరు రాయించుకుంటే ఇత్తారంట కదా. నీ ఫోనులో నా పేరు రాయి," అంది.

నాగజ్యోతి గోడ మీద మోచెయ్యి ఆనించి, ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రాయడం మొదలెట్టింది. మొద్దుబారిన వేళ్ళు కదా, ఒక్కో అక్షరం రెండుసార్లు పడుతోంది. పేరయింది, వయసయింది. వృత్తి దగ్గర ఆగింది.

"మనుషుల్ని ముట్టుకునే పనులకి ముందు ఇత్తారంట మామ్మా. జాబితా ఇచ్చేరు. నర్సు, ఆయా, క్షురకుడు, బ్యూటీ పార్లరు, ఎముకలు కట్టేవాళ్ళు, శవానికి స్నానం చేయించేవాళ్ళు... నీ పని లేదు."

"ఓసి వీళ్ళ అసాధ్యం కూలా! చచ్చినోళ్ళకి నీళ్ళు పోసేవాళ్ళున్నారు గానీ పుట్టినోళ్ళకి పోసేవాళ్ళు లేరా?"

"ఇతరములు అనుంది. నొక్కనా?"

"నొక్కు. నలభై ఏడేళ్ళు చేసి ఇతరములయ్యాం, ఏం చేత్తాం."

సాయంత్రానికి కబురొచ్చింది. గురువారం పదింటికి కల్యాణ మండపంలో ఉన్న టీకా కేంద్రానికి వచ్చి చెయ్యి చదివించుకోవాలి. మూడు రోజుల పాటు చేతులకి సబ్బు వాడరాదు.

చెయ్యి చదవడమంటే జాతకం కాదు. మనం ఎవర్ని ముట్టుకున్నా వాళ్ళ ఒంటిమీది కంటికి కనపడని జీవులు కాసిని మన ఒంటికి చేరతాయి. ఏ మనిషివి ఆ మనిషివే, ఒకరివి ఒకరికి కలవవు. అద్దం మీద అరచెయ్యి ఆనిస్తే మిషను ఎందరి ముద్రలున్నాయో లెక్కపెడుతుంది. అరవై మంది దాటితే నలుగురిలో తిరిగే చెయ్యని అర్థం, వాళ్ళకి మొదటి విడత. ఆ విడత శనివారంతో సరి. మళ్ళీ విడత నాలుగు నెలలకి.

"నాలుగు నెలలకి పిల్ల బోర్లా పడిపోద్దే," అంది అచ్చాయమ్మ నీరసంగా. "బోర్లా పడే పిల్ల నా కాళ్ళమీద నిలుత్తాదా?"

గురువారం పొద్దున్నే లేచింది. సర్కారు వారి అద్దం మీద పెట్టే చెయ్యి. అంత ముఖ్యమైన చోట పెట్టే చెయ్యి ఎలా ఉండాలి? సబ్బు వద్దన్నారు, మంచిదే, తనెప్పుడు వాడింది గనక. కాగులో నీళ్ళు మరగబెట్టి, సున్నిపిండి డబ్బా తీసి, ఇంత నువ్వుల నూనె రాసి, అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ కిందా నలిచి నలిచి రుద్దుకుంది. మనసొప్పక ఇంకోసారి రుద్దింది. పచ్చి బాలింత గదిలోకి వెళ్ళేముందు కూడా అంత శుభ్రంగా ఎప్పుడూ కడగలేదు.

కల్యాణ మండపంలో పెళ్ళికూతురి విడిది గదిని ప్రయోగశాల చేశారు. గోడ మీద ఎవరివో పేర్లు, బాణం గుచ్చిన గుండె బొమ్మ ఇంకా అలాగే ఉన్నాయి. దాని కిందే మిషను. తొడుగులు వేసుకున్న పాతికేళ్ళ పిల్ల, పేరు ప్రసూన, ఆవిడ చెయ్యి పట్టుకుని అద్దం మీద ఆనించింది. మిషను చిన్నగా మూలిగింది. ప్రసూన తెర వంక చూసి, అద్దం తుడిచి మళ్ళీ పెట్టించింది. మళ్ళీ చూసింది.

"సున్నా వచ్చింది మామ్మగారూ."

"అంటే?"

"మీ చేతి మీద మీరు తప్ప ఎవరూ లేరు. ఎంత ఒంటరి వాళ్ళకైనా నాలుగైదు వస్తాయి, సున్నా నేనెప్పుడూ చూడలేదు. సబ్బు వాడొద్దని కబురు పెట్టాం కదండీ?"

"నా జన్మలో సబ్బు ముట్టలేదమ్మా! సున్నిపిండితో శుభ్రంగా కడుక్కుని వచ్చాను."

ప్రసూన నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మూడు రోజులు ఆగి మళ్ళీ చదువుదామంటే శనివారం దాటిపోతుంది.

అచ్చాయమ్మకి తను చేసిన పని అప్పుడు అర్థమైంది. కుర్చీ ఉన్నా నేలమీదే చతికిలపడింది. "నా కోసం కాదమ్మా. పక్కింట్లో పదిహేను రోజుల గుడ్డు. తల్లికి చేతుల్లో స్పర్శ లేదు. ఎలా పట్టుకుంటాది? ఇదిగో, ఇలా పట్టుకోవాలి," అని చీర మోకాళ్ళ దాకా పైకి దోపి, కాళ్ళు బారచాపింది. లేని బిడ్డని ముంజేతి మీదకి తీసుకుని, మెడ కింద వేళ్ళు పెట్టి, కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి, వీపు నిమిరింది. "ఎడం చెయ్యి గడ్డం కింద ఉండాలి. ముక్కులోకి నీరు పోకూడదు. నలభై ఏడేళ్ళు పోశానమ్మా ఇలాగ. నీకు ఒక్కరూ కనపళ్ళేదా?"

ప్రసూన చూస్తున్నది ఆవిడ చేతుల్ని కాదు. మోకాళ్ళ కింద, ముందు వైపు, ఏళ్ళ తరబడి నూనె ఇంకి నున్నగా మెరుస్తున్న ఆ చర్మాన్ని.

"అరచేతికి వెంట్రుకల కుదుళ్ళు ఉండవు మామ్మగారూ, రుద్దితే పోతాయి. కాళ్ళకి ఉంటాయి. నూనెతో, వేణ్ణీళ్ళతో అంత అదిమి పట్టాక కుదుళ్ళలోకి దిగి ఉండాలి." అద్దాన్ని తీగలతో సహా ఊడదీసి నేలమీదకి తెచ్చింది. "కదలకండి."

ఈసారి మిషను చాలాసేపు మూలిగింది. తెర మీద అంకె అరవై దాటింది, ఆరు వందలు దాటింది, ఆగడం లేదు. చివరికి పదమూడు వందల ఆరు దగ్గర ఆగింది. ప్రసూన లేచి డాక్టరు గారి కోసం బయటికి పరిగెత్తింది.

డాక్టరు కామేశ్వరరావు కర్నూలు నుంచి వచ్చినాయన. కాగితాలు ముందు, మనుషులు తర్వాత. తెర చూసి, "ఇవి పాత ముద్రలు. నిబంధన..." అని మొదలెట్టాడు.

"నిబంధనలో చర్మం మీద అనుంది సార్. అరచేతి మీద అని లేదు, కొత్తవి అనీ లేదు," అంది ప్రసూన. "అది కాదు సార్, ముందు ఈవిడ సొంత ముద్ర చూడండి."

ఆయన చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ తర్వాత నేలమీద కూర్చున్న ముసలావిడ ఎదురుగా తనూ గొంతుక్కూర్చున్నాడు. ఈ ఊళ్ళో పదకొండు వేల మంది చేతులు చదివారట. అందులో తొమ్మిది వందల పైచిలుకు మందికి ఒకే ముద్ర కనపడిందట. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళు. అద్దానికి మురికి పట్టిందనుకున్నారట. అద్దం మార్చారు, మిషను మార్చారు, అయినా వస్తూనే ఉంది. దానికి పదిహేడో నంబరని పేరు పెట్టి మూడు నెలలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారట.

"పుట్టిన మొదటి నెలల్లో ఒంటికి ఎవరు తగిలితే వాళ్ళు ఆ ఒంట్లో జీవితాంతం కాపురం ఉండిపోతారమ్మా," అన్నాడు. "ఆ పదిహేడో నంబరు మీరు."

"నా రికార్డులో కూడా ఉన్నారు మామ్మగారూ," అంది ప్రసూన. "మా అమ్మ పేరు సూర్యకాంతం. రైసు మిల్లు పక్కిల్లు."

"సూరీకాంతం కూతురివా! నూనె పెడితే చాలు, నవ్వేదానివి కదే!" అచ్చాయమ్మ చెయ్యి తనంతట తనే పైకి లేచింది. అంతలోనే గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"ఇంకొకటుంది." ప్రసూన తెర వంక చూస్తూ గొంతు తగ్గించింది. "అన్నిటికంటే లోపల, ఎడం కాలి మీద ఒకటుంది. మీ ముద్రకి బాగా దగ్గర పోలిక. కన్నబిడ్డకి తప్ప అంత పోలిక రాదు. మీకు పిల్లల్లేరని రాయించారు కదా?"

అచ్చాయమ్మ తన ఎడం కాలి వంక చూసుకుంది.

"ఉండేది," అంది. "ముప్పై ఎనిమిది రోజులుంది. నా కాళ్ళమీద నేను నీళ్ళు పోసుకున్న మొదటి పిల్ల అదే. జొరమొచ్చి పోయింది. ఆ తర్వాత చేతులూరుకోక, పక్కింటివాళ్ళ పిల్లకి పోశాను. అలా అలా..." ఆగింది. "ఎక్కడుందమ్మా?"

ప్రసూన నీలం పెన్ను తీసి, ఎడం మోకాలి కింద నాలుగు వేళ్ళ దూరంలో రూపాయి బిళ్ళంత సున్నా చుట్టింది.

నలభై తొమ్మిదేళ్ళు. మొగుడికి కూడా ఆ పిల్ల మాట గుర్తుచెయ్యలేదు, అతను పోయేదాకా. ఎక్కడికి పోయిందా పిల్ల అని ఎన్ని రాత్రుళ్ళు ఏడ్చిందో, ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉంది. మోకాలి కింద.

డాక్టరు కాగితం తెచ్చాడు. "మీరు అర్హులమ్మా. శనివారం టీకా వేస్తాం. కానీ వేసేముందు ఒక సంగతి చెప్పాలి, అది నా ధర్మం." కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "ఈ టీకా చర్మానికి తనదేదో పరాయిదేదో నేర్పుతుంది. నేర్చుకున్న చర్మం పరాయిదాన్ని దేన్నీ నిలవనివ్వదు. రోగాన్నీ నిలవనివ్వదు, మనుషుల్నీ నిలవనివ్వదు. ఎనిమిది రోజుల్లో మీ కాళ్ళమీద ఉన్నవన్నీ పోతాయి."

"అన్నీనా?"

"అన్నీ."

"ఆ ఒక్కదాన్నీ ఏ సీసాలోనైనా తీసి దాచకూడదా బాబూ?"

"దాచినా రెండు రోజులే. ఒంటిమీద తప్ప ఇంకెక్కడా బతకవమ్మా."

అచ్చాయమ్మ ప్రసూన వంక చూసింది. ప్రసూన తల దించుకుంది. "నాకు సిబ్బంది కోటాలో ఎప్పుడో వేసేశారు మామ్మగారూ. మీరున్నారని తెలియకుండానే మిమ్మల్ని పోగొట్టుకున్నాను."

సంతకం చెయ్యకుండానే అచ్చాయమ్మ ఇంటికొచ్చేసింది.

మర్నాడు శుక్రవారం. పెరట్లో ఎండలో పీట వాల్చుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పొద్దున్న స్నానం కూడా చెయ్యలేదు. నీలం సున్నా మీద అరచెయ్యి మూసిపెట్టింది. ఆ పిల్ల పోలికలు గుర్తుతెచ్చుకుందామంటే రావడం లేదు. కుడి చెవి వెనక పుట్టుమచ్చ ఉండేదా, ఎడం చెవి వెనకా? జుట్టు మాత్రం ఒత్తుగా ఉండేది. నీళ్ళు పోస్తుంటే అరికాళ్ళతో తన పొట్టని తన్నేది. అది గుర్తుంది. ఇంకొక్కసారి తంతే బాగుండును. ఒక్కసారి.

"టీకా సంగతేమైంది మామ్మా?" అని గోడమీంచి నాగజ్యోతి రెండుసార్లు అడిగింది. అచ్చాయమ్మ గోడకి వీపు తిప్పి కూర్చుంది. నిన్న పొద్దున్న లేని బిడ్డ పదింటికి దొరికింది, పదకొండింటికి వదిలేసుకోమన్నారు. ఎవరికి చెప్పుకుంటుంది? వదలను, అనుకుంది. నాలుగు నెలలు ఆగితే ఆ పిల్లకి తల్లే ఎలాగో అలవాటు పడుతుంది. లోకంలో అందరూ నేను నీళ్ళు పోస్తేనే పెరిగారా ఏమిటి?

పదకొండు గంటల వేళ గోడకవతల నీళ్ళ చప్పుడైంది. ఇక రాదనుకుని, నాగజ్యోతి తనే పీట వేసుకుని కూర్చున్నట్టుంది. చెంబు చప్పుడు, పిల్ల కేరు. ఉన్నట్టుండి దబ్బున ఏదో పడ్డ చప్పుడు, ఆ వెంటనే నాగజ్యోతి పెట్టిన కేక.

అచ్చాయమ్మ గోడ దగ్గరికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. అవతల తడిసిన బొంత మీద పిల్ల వెల్లకిలా పడి, నోరు తెరిచి, ఊపిరందక ఎర్రగా కందిపోతోంది. నాగజ్యోతి రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నిలబడిపోయింది.

"ఎత్తుకోవే! బోర్లా తిప్పు! వీపు నిమురు, అలా కాదు, కిందనుంచి పైకి!"

పిల్ల కక్కి, దగ్గి, గట్టిగా ఏడ్చింది. ఏడుపు వినపడగానే ఇద్దరూ కూలబడ్డారు, గోడకి అటొకరు ఇటొకరు.

"జారిపోయింది మామ్మా," నాగజ్యోతి వెక్కుతోంది. "కింద పడిందాకా నాకు తెలీలేదు. చేతిలోనే ఉందనుకున్నాను."

అచ్చాయమ్మ గోడ పట్టుకుని ఉంది. గోడ మీద ఆనిన ఆవిడ వేళ్ళకి ఇటుకల గరుకు, ఎండ వేడి, సున్నం పెచ్చు అంచు, అన్నీ తెలుస్తున్నాయి. ఆ రాత్రి పడుకోబోయే ముందు నీలం సున్నా మీద నూనె రాసింది. మెల్లగా, చాలాసేపు రాసింది. తెలియకుండా నలభై తొమ్మిదేళ్ళు మోశానమ్మా, తెలిసి రెండ్రోజులు మోశాను, చాలు, అంది. చాల్లేదు. అయినా అంది.

శనివారం టీకా వేసింది ప్రసూనే. వేశాక కుడిచేతి తొడుగు తీసేసి, అచ్చాయమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుంది. తనకి టీకా పడింది కదా, ప్రమాదం లేదు. రెండేళ్ళ తర్వాత ఒక మనిషి చెయ్యి. వెచ్చగా ఉంది. వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతుంటే అప్పుడు వదిలింది.

ఎనిమిది రోజులూ అచ్చాయమ్మ ఎడం కాలికి నీళ్ళు తగలనివ్వలేదు. తొమ్మిదో రోజు ప్రసూన ఫోను చేసి, కావాలంటే వచ్చి మళ్ళీ చదివించుకోండి అంది. అచ్చాయమ్మ అక్కర్లేదంది. నాగజ్యోతి పెరట్లో పొయ్యి వెలిగించి, కాగు పెట్టి, సున్నిపిండి డబ్బా గోడమీంచి అందించి, తను గుమ్మంలోంచి వెళ్ళింది. వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు తొరిపి, మోచెయ్యి ముంచి వేడి చూసుకుంది. పీట వాల్చుకుని, చీర పైకి దోపుకుని, కాళ్ళు బారచాపింది.

"ఏదీ, మా మారాణినిలా ఇవ్వు."

నాగజ్యోతి బిడ్డని తెచ్చి కాళ్ళమీద పెట్టింది. అచ్చాయమ్మ కళ్ళు మూసుకుంది. ఆ బరువు. మూడు కిలోలకి కాస్త ఎక్కువ, అంతే. రెండేళ్ళుగా ఆ కాళ్ళు ఎదురుచూసింది ఈ కాస్త బరువు కోసమే.

నూనె పెట్టింది. నలుగు పెట్టింది. చెంబుతో ధారగా నీళ్ళు పోసింది. పిల్ల ముందు బిక్కమొహం వేసింది, ఆ తర్వాత ఒళ్ళంతా వదిలేసి, పిడికిళ్ళు విప్పేసింది. వెల్లకిలా తిప్పగానే రెండు అరికాళ్ళూ అచ్చాయమ్మ పొట్టకి ఆనించి ఒక్క తన్ను తన్నింది. సున్నిపిండి నీళ్ళు ఎడం కాలి మీదుగా కారి, నీలంగా కాస్త మసకబారి, తూములోకి పోయాయి.

చివరి చెంబు నీళ్ళు చేతిలోకి తీసుకుని బిడ్డ తలచుట్టూ తిప్పింది. ప్రతి బిడ్డకీ అనే మాటే. ఎవరి బిడ్డనైనా బంగారూ అనే పిలిచేది, పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

"శ్రీరామరక్ష, వరాలూ," అంది. "నూరేళ్ళుండు."

నాగజ్యోతి తువ్వాలు పట్టుకుని ఆగిపోయింది. "వరాలెవరు మామ్మా?"

"నా కూతురు," అంది అచ్చాయమ్మ. "తువ్వాలియ్యవే, పిల్లకి చలేత్తాది."